పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్: రకాలు, పనితీరు, ఎంపిక

పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్ అంటే జేబులోనో చేతిసంచిలోనో ఇమిడిపోతూ, బ్యాటరీతో నడుస్తూ, హెడ్‌ఫోన్‌లోనో ఇయర్‌ఫోన్‌లోనో సంగీతం వినిపించే సాధనం. క్యాసెట్ వాక్‌మన్, చేతి సీడీ ప్లేయర్, ఎంపీ3 ప్లేయర్, ఎఫ్ఎం రేడియో ఉన్న బటన్ ఫోను, స్మార్ట్‌ఫోను, ప్రత్యేక డిజిటల్ ఆడియో ప్లేయర్ అన్నీ ఈ కోవలోవే. పదిమందికి వినిపించే బ్లూటూత్ స్పీకర్ వంటివి ఈ వ్యాస పరిధిలోకి రావు.

చెవికి చేరే శబ్దం ప్లేయర్ ఒక్కదానిపైనే ఆధారపడదు. మూల రికార్డింగ్, దాన్ని భద్రపరచిన ఫైలు, ప్లేయర్‌లోని విద్యుత్ వలయాలు, హెడ్‌ఫోన్, అది చెవికి అమరిన తీరు, చుట్టూ ఉన్న రొద కలిసి ఆ శబ్దాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో రికార్డింగ్, హెడ్‌ఫోన్‌ల ప్రభావం చాలా ఎక్కువ. సక్రమంగా తయారైన రెండు ప్లేయర్ల మధ్య తేడా చాలా తక్కువ. కాబట్టి ప్లేయర్ ఎంపికను హెడ్‌ఫోన్ అవసరాలతోనూ సంగీతం దొరికే మార్గంతోనూ మొదలుపెట్టడం సరైన క్రమం.

## చరిత్ర

### వాక్‌మన్‌కు ముందు

1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రీజెన్సీ టీఆర్-1 తొలి వాణిజ్య ట్రాన్సిస్టర్ రేడియో. దానికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని ఒంటరిగా వినే వీలుండేది. 1958లో మిల్వాకీ నగరానికి చెందిన జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. 1963లో ఫిలిప్స్ సంస్థ కాంపాక్ట్ క్యాసెట్‌ను ప్రవేశపెట్టింది. చిన్న టేపు, తేలికైన హెడ్‌ఫోన్, బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ వలయం కలిశాకే నడుస్తూ వినడం సాధ్యమైంది.

### క్యాసెట్, డిస్కు

సోనీ సంస్థ 1979 జులై 1న జపాన్‌లో టీపీఎస్-ఎల్2 అనే వాక్‌మన్‌ను 33,000 యెన్లకు విడుదల చేసింది. విలేఖరుల కోసం చేసిన చిన్న రికార్డర్‌లో రికార్డింగ్ భాగాన్నీ స్పీకర్‌నూ తీసివేసి, స్టీరియో వలయాన్ని చేర్చి దీన్ని రూపొందించారు. రికార్డు చేయలేని టేపు యంత్రాన్ని ఎవరు కొంటారన్న సందేహం సంస్థలోనే వచ్చినా, సహవ్యవస్థాపకుడు అకియో మోరితా వెనకడుగు వేయలేదు. ఈ తొలి నమూనాలో ఇద్దరు కలిసి వినేందుకు రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు ఉండేవి. నారింజ రంగు మీట నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా ఒకరి మాట మరొకరికి వినిపించేది. నడుముకు కట్టుకునే స్టీరియో సాధనానికి ఆండ్రియాస్ పావెల్ 1977లోనే పేటెంటు దరఖాస్తు చేశాడు. అతనికీ సోనీకీ నడిచిన సుదీర్ఘ వివాదం 2000ల తొలినాళ్లలో రాజీతో ముగిసింది.

సీడీ 1982లో వచ్చింది. రెండేళ్లకు, 1984లో, సోనీ డీ-50 అనే చేతి సీడీ ప్లేయర్ వెలువడింది. డిస్కు తిరిగేటప్పుడు కుదుపు తగిలితే పాట ఆగిపోవడం తొలి నమూనాల లోపం. కొన్ని సెకన్ల సంగీతాన్ని ముందుగానే చదివి మెమరీలో ఉంచుకునే ఏర్పాటుతో ఆ లోపాన్ని సరిచేశారు. 1992లో వచ్చిన మినీడిస్క్ జపాన్‌లో ఆదరణ పొందినా మిగతా దేశాల్లో అంతగా నిలవలేదు.

### డిజిటల్ ఫైళ్లు

జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంట్స్ బ్రాండెన్‌బర్గ్, ఇతర పరిశోధకుల కృషితో రూపొందిన ఎంపీ3 కుదింపు విధానం 1993లో అంతర్జాతీయ ప్రమాణంలో భాగంగా వెలువడింది. 1998లో దక్షిణ కొరియాకు చెందిన సేహాన్ సంస్థ ఎంపీమ్యాన్‌ను, అమెరికాలో డైమండ్ సంస్థ రియో పీఎంపీ300ను తెచ్చాయి. రియోలోని 32 మెగాబైట్ల మెమరీలో సెకనుకు 128 కిలోబిట్ల ఫైళ్లయితే సుమారు అరగంట సంగీతం పట్టేది. దీనిపై అమెరికా రికార్డింగ్ సంస్థల సంఘం దావా వేసింది. 1999లో అప్పీలు కోర్టు తీర్పు డైమండ్‌కు అనుకూలంగా రావడంతో ఇలాంటి ప్లేయర్ల తయారీకి అడ్డు తొలగింది.

2001 అక్టోబరులో యాపిల్ ప్రకటించిన ఐపాడ్‌లో 5 గిగాబైట్ల చిన్న హార్డ్‌డిస్కు ఉండేది. వేయి పాటలు పట్టడం, చక్రం తిప్పుతూ వాటిని వెతుక్కోగలగడం దాని ప్రత్యేకతలు. 2007లో ఐఫోన్ వచ్చాక సంగీతం క్రమంగా ఫోనులో కలిసిపోయింది. ఐపాడ్ తయారీ ముగిసినట్టు యాపిల్ 2022 మేలో ప్రకటించింది.

### తెలుగు ప్రాంతాల్లో

1980లలో క్యాసెట్‌తో సినిమా పాటలూ భక్తి గీతాలూ జానపదాలూ ఇంటింటికీ చేరాయి. 2000ల చివరి ఏళ్లలో మెమరీ కార్డు ఉన్న బటన్ ఫోను ప్రధాన ప్లేయరైంది. ఊళ్లలోని సెల్ షాపుల్లో కంప్యూటర్ నుంచి ఆ కార్డులోకి పాటలు ఎక్కించి ఇచ్చేవారు. వాటిలో చాలావరకు అనుమతి లేని ప్రతులే. ఎక్కువ పాటలు పట్టాలని బాగా కుదించినవి కావడంతో నాణ్యతా తక్కువే. 2016లో జియో 4జీ సేవలు మొదలై డేటా ధరలు పడిపోవడంతో ఈ పద్ధతి వెనకబడి, ఇంటర్నెట్ ద్వారా నేరుగా వినే స్ట్రీమింగ్ పెరిగింది.

## రకాలు

స్మార్ట్‌ఫోను. నేడు అత్యధికులు వాడే ప్లేయర్. స్ట్రీమింగ్, సొంత ఫైళ్లు, రేడియో యాప్‌లు అన్నీ ఒకచోట దొరుకుతాయి. విదేశాల్లోని తెలుగువారు ఆకాశవాణి తెలుగు ప్రసారాలను వినడానికీ ఇదొక దారి. 2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ రంధ్రాన్ని తొలగించారు. తర్వాత అనేక ఇతర ఫోన్లలోనూ అది పోయింది. కాల్స్, సందేశాల అంతరాయం, బ్యాటరీ ఖర్చు దీని పరిమితులు.

డాంగిల్. ఫోను యూఎస్‌బీ-సీ రంధ్రానికి తగిలించే వేలెడంత పరికరం. డిజిటల్ సంకేతాన్ని శబ్ద సంకేతంగా మార్చే డీఏసీ చిప్, చిన్న యాంప్లిఫయర్ ఇందులో ఉంటాయి. దీనికి సొంత బ్యాటరీ ఉండదు, విద్యుత్తును ఫోను నుంచే తీసుకుంటుంది. చిప్ లేకుండా తీగలను మాత్రమే కలిపే చవక అడాప్టర్లూ అమ్ముతారు. యూఎస్‌బీ రంధ్రం నుంచి నేరుగా అనలాగ్ సంకేతం ఇవ్వని ఫోన్లలో అవి పనిచేయవు.

బ్యాటరీ ఉన్న డీఏసీ-యాంప్లిఫయర్. డాంగిల్ కన్నా పెద్దది, శక్తిమంతమైనది. కొన్నిటికి బ్లూటూత్ కూడా ఉంటుంది. ఫోను జేబులోనే ఉండగా వైరు హెడ్‌ఫోన్‌ను వీటికి తగిలించి వినవచ్చు.

డిజిటల్ ఆడియో ప్లేయర్. సంగీతానికే ప్రత్యేకించిన సాధనం. 2012లో వచ్చిన ఆస్టెల్ అండ్ కెర్న్ ఏకే100, 2013లో వచ్చిన ఫియో ఎక్స్3 వంటివి ఈ తరగతిని ప్రచారంలోకి తెచ్చాయి. మెమరీ కార్డు రంధ్రం, భౌతికమైన మీటలు, బలమైన యాంప్లిఫయర్ వీటి అనుకూలతలు. బరువు, ధర, పాతబడే సాఫ్ట్‌వేర్ వీటి ప్రతికూలతలు. ఆండ్రాయిడ్‌తో నడిచే వాటిలోనే సాధారణంగా స్ట్రీమింగ్ యాప్‌లు వేసుకోగలం.

చవక ఎంపీ3 ప్లేయర్, బటన్ ఫోను. నడకలో, పొలం పనిలో, ప్రయాణంలో వాడటానికి తేలిక. తెర చూడకుండానే మీటలతో నడపవచ్చు. ఎఫ్ఎం రేడియో వినేటప్పుడు ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నాగా పనిచేస్తుంది. అందుకే తీగ పీకేస్తే చాలా ఫోన్లలో రేడియో ఆగిపోతుంది.

## నిర్మాణం, పనితీరు

ఫైలులోని అంకెలను ప్లేయర్ ముందుగా విప్పుతుంది. వాటిని డిజిటల్-అనలాగ్ కన్వర్టర్, అంటే డీఏసీ, మారుతుండే ఓల్టేజిగా మారుస్తుంది. ఆ బలహీన సంకేతాన్ని యాంప్లిఫయర్ హెడ్‌ఫోన్‌కు తగినంత బలంగా పంపుతుంది. హెడ్‌ఫోన్‌లోని పలుచని పొర దాని ప్రకారం కంపించి శబ్దం పుట్టిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ విషయంలో డీఏసీ, యాంప్లిఫయర్ రెండూ హెడ్‌ఫోన్‌లోనే ఉంటాయి. కాబట్టి ఖరీదైన ప్లేయర్‌లోని డీఏసీ వల్ల బ్లూటూత్ శ్రోతకు ప్రయోజనం ఉండదు.

### శక్తి, సున్నితత్వం

ప్రతి హెడ్‌ఫోన్‌కూ రెండు ముఖ్యమైన కొలతలుంటాయి. ఒకటి ఓమ్‌లలో చెప్పే ఇంపెడెన్స్, అంటే విద్యుత్తుకు హెడ్‌ఫోన్ చూపే నిరోధం. రెండోది సున్నితత్వం: ఒక మిల్లీవాట్ శక్తికి ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో చెప్పే సంఖ్య. కొందరు తయారీదారులు దీన్ని ఒక ఓల్టుకు లెక్కగట్టి ఇస్తారు కాబట్టి పోల్చే ముందు కొలమానం ఒకటేనా అని చూడాలి.

సంగీతం సగటున 75–80 డెసిబెల్‌ల స్థాయిలో సాగుతున్నా క్షణకాలపు శిఖరాలు 20 డెసిబెల్‌లకు పైగా ఎగయగలవు. కచేరీలో వీణ నాదం మెల్లగా సాగుతుండగా మృదంగం మీద పడే బలమైన దెబ్బ అలాంటిదే. ఆ శిఖరాన్ని విరగకుండా అందించడానికి 110 డెసిబెల్‌ల సామర్థ్యాన్ని లక్ష్యంగా తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

- 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 100 డెసిబెల్‌లు: 10 మిల్లీవాట్లు కావాలి. అంటే సుమారు 0.57 ఓల్టులు, 18 మిల్లీ ఆంపియర్లు.
- 300 ఓమ్‌లు, అదే సున్నితత్వం: శక్తి అంతే, 10 మిల్లీవాట్లు. కానీ ఓల్టేజి సుమారు 1.73కి పెరుగుతుంది, కరెంటు 6 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది.
- 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 90 డెసిబెల్‌లు: 100 మిల్లీవాట్లు కావాలి. ఓల్టేజి సుమారు 1.8, కరెంటు 56 మిల్లీ ఆంపియర్లు.

సాధారణ ఫోను అడాప్టర్లు ఇచ్చే ఓల్టేజి ఒక ఓల్టు లోపే. మొదటి హెడ్‌ఫోన్‌కు అది సరిపోతుంది. రెండోదానికి ఎక్కువ ఓల్టేజి ఇచ్చే సాధనం, మూడోదానికి ఓల్టేజితోపాటు కరెంటు కూడా దండిగా ఇచ్చే సాధనం అవసరం. ఓమ్‌లు ఎక్కువైతేనే కష్టమని అనుకోవడం పొరపాటని మూడో ఉదాహరణ చూపుతుంది. తగినంత శక్తి అందాక అదనపు వాట్లు నాణ్యతను పెంచవు.

### అవుట్‌పుట్ ఇంపెడెన్స్

ప్లేయర్ యాంప్లిఫయర్‌కు కూడా సొంత ఇంపెడెన్స్ ఉంటుంది. ఇది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం ఇయర్‌ఫోన్లలో ఇంపెడెన్స్ పౌనఃపున్యాన్ని బట్టి మారిపోతుంది. ఒక ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ కొన్ని స్వరాల దగ్గర 32 ఓమ్‌లు, మరికొన్నిటి దగ్గర 8 ఓమ్‌లు అనుకుంటే, 10 ఓమ్‌ల ప్లేయర్ వల్ల ఆ రెండు చోట్ల మధ్య దాదాపు 4.7 డెసిబెల్‌ల తేడా వస్తుంది. గొంతు, వాయిద్యాల స్వభావమే మారినట్టు వినిపించడానికి ఇది చాలు. 1 ఓమ్ ప్లేయర్‌తో ఆ తేడా 0.8 డెసిబెల్‌లు దాటదు.

### నేపథ్య రొద

చెవిలో దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లలో పాట ఆగినప్పుడు సన్నని బుస వినిపించవచ్చు. భారీ హెడ్‌ఫోన్ల కోసం చేసిన బలమైన యాంప్లిఫయర్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఇలాంటి ఇయర్‌ఫోన్లకు తక్కువ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) స్థాయి ఉన్న ప్లేయర్ తగినది.

### ప్లగ్గులు

3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు సర్వసాధారణం. 2.5, 4.4 మిల్లీమీటర్ల ప్లగ్గులను బ్యాలెన్స్‌డ్ కనెక్షన్‌కు వాడతారు. ఇందులో కుడి ఎడమలకు వేర్వేరు జంట తీగలుంటాయి. ఓల్టేజి రెట్టింపు అయ్యే వీలుండటం దీని ప్రధాన ప్రయోజనం. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా సాధారణంగా పెరుగుతుంది. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ల ప్లగ్గుకు నాలుగు స్పర్శ భాగాలుంటాయి. మైకు, గ్రౌండ్ స్థానాలు తారుమారైన పాత పద్ధతి పరికరానికి తగిలిస్తే గాయకుల గొంతు దాదాపు మాయమై వాయిద్యాలు డొల్లగా వినిపిస్తాయి. ఇది ప్లగ్గు పొంతన లేకపోవడమే తప్ప ప్లేయర్ లోపం కాదు.

## ఫైలు రూపాలు, నాణ్యత

సీడీ ప్రమాణంలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు 16 బిట్‌ల కచ్చితత్వంతో నమోదు చేస్తారు. మనిషి వినగల 20 కిలోహెర్ట్జ్ వరకు పౌనఃపున్యాలూ, దాదాపు 96 డెసిబెల్‌ల వ్యాప్తీ ఇందులో ఇముడుతాయి. కుదింపు రెండు రకాలు.

నష్టసహిత కుదింపు. ఎంపీ3, ఏఏసీ ఈ రకం. పెద్ద శబ్దం వెనక మరుగునపడి చెవికి అందని అంశాలను తొలగించి ఫైలును చిన్నది చేస్తాయి. నాలుగు నిమిషాల పాట 128 కిలోబిట్ల ఎంపీ3లో సుమారు 4 మెగాబైట్లు, 320 కిలోబిట్లలో 10 మెగాబైట్ల లోపు ఉంటుంది.

నష్టరహిత కుదింపు. ఫ్లాక్, ఏఎల్ఏసీ ఈ రకం. విప్పినప్పుడు మూల అంకెలన్నీ యథాతథంగా తిరిగి వస్తాయి. అదే పాట కుదించకపోతే 42 మెగాబైట్లు. ఫ్లాక్‌లో సుమారు 25 మెగాబైట్లు పట్టవచ్చు. ఆ లెక్కన 64 గిగాబైట్ల కార్డులో దాదాపు 2,500 పాటలు ఇముడుతాయి.

24 బిట్‌లు, 96 కిలోహెర్ట్జ్ వంటి హై-రిజొల్యూషన్ ఫైళ్ల శ్రవణ ప్రయోజనంపై ఏకాభిప్రాయం లేదు. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ ప్రచురించిన ప్రయోగంలో శ్రోతలు సీడీ స్థాయికి తగ్గించిన శబ్దాన్ని అసలు దాని నుంచి వేరు చేయలేకపోయారు. 2016లో జాషువా రీస్ అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించి, గుర్తించగల తేడా కొద్దిగా ఉందని తేల్చాడు. తక్కువ నాణ్యత ఉన్న ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మార్చినా పోయిన వివరం తిరిగిరాదన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో వ్యవస్థే అన్ని శబ్దాలనూ ఒకే నమోదు వేగానికి, తరచుగా 48 కిలోహెర్ట్జ్‌కు, మార్చి పంపుతుంది. ఫైలులోని అంకెలు మార్పు లేకుండా డీఏసీకి చేరాలంటే దానికి తగిన యాప్ గానీ ప్రత్యేక ప్లేయర్ గానీ అవసరం.

## బ్లూటూత్ శ్రవణం

బ్లూటూత్ ద్వారా పంపేటప్పుడు శబ్దాన్ని మరోసారి కుదిస్తారు. దీనికి వాడే పద్ధతిని కోడెక్ అంటారు. ఎస్‌బీసీ అన్ని పరికరాల్లోనూ తప్పనిసరిగా ఉంటుంది. ఏఏసీ ఐఫోన్లలో ప్రధానం. ఆప్టెక్స్, ఎల్‌డీఏసీ చాలా ఆండ్రాయిడ్ పరికరాల్లో దొరుకుతాయి. ఎల్‌డీఏసీ వేగం గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్‌లు. సిగ్నల్ బలహీనపడితే 660కీ 330కీ దిగుతుంది. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో విధానంలో తక్కువ విద్యుత్తుతో పనిచేసే ఎల్‌సీ3 కోడెక్ ఉంది. ఏ కోడెక్ అయినా ప్లేయర్, హెడ్‌ఫోన్ రెండింటిలో ఉంటేనే పనిచేస్తుంది. రద్దీ బస్సులో, రైల్లో వినేవారికి కోడెక్ తేడా కన్నా బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ఎక్కువ మేలు చేస్తుంది.

## వాడుక సౌలభ్యాలు

తెలుగు లిపి. చవక ప్లేయర్లలో చాలావరకు తెలుగులో రాసిన పాట పేర్లను ప్రశ్నార్థకాలుగానో ఖాళీ గళ్లుగానో చూపుతాయి. కొన్నిట్లో అక్షరాలు కనిపించినా ఒత్తులు విడిపోతాయి. ఆండ్రాయిడ్ ఆధారిత ప్లేయర్లు, స్మార్ట్‌ఫోన్లలో ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు.

విరామం లేని ప్రసారం. రాగం, తానం, పల్లవి వేర్వేరు ట్రాకులుగా ఉన్న కచేరీ రికార్డింగ్‌లో ట్రాకు మారినప్పుడల్లా తంబూర నాదం క్షణం తెగితే శ్రవణం దెబ్బతింటుంది. గ్యాప్‌లెస్ సదుపాయం ఉన్న ప్లేయర్‌లో ఇలా జరగదు.

నిల్వ. మైక్రోఎస్‌డీ కార్డు రంధ్రం ఉంటే సొంత సేకరణను పెంచుకోవచ్చు. పాత ప్లేయర్లు 32 గిగాబైట్లకు మించిన కార్డులను చదవకపోవచ్చు. కార్డు పాడయ్యే అవకాశం ఉన్నందున మరో ప్రతి విడిగా ఉండాలి.

బ్యాటరీ. లిథియం బ్యాటరీ సామర్థ్యం కొన్ని వందల ఛార్జింగ్‌ల తర్వాత తగ్గుతుంది. విప్పి మార్చలేని బ్యాటరీ అయితే ప్లేయర్ ఆయుష్షును అదే నిర్ణయిస్తుంది. కొనేముందు బ్యాటరీ మార్పిడి సేవ దొరుకుతుందో లేదో చూడటం ముఖ్యం.

## చెవి భద్రత

శ్రవణ సాధనాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 80 డెసిబెల్‌ల వద్ద 40 గంటలు పరిమితి. పిల్లలకు ఇది 75 డెసిబెల్‌ల వద్ద 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ సురక్షిత సమయం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలే. దెబ్బతిన్న లోపలి చెవి కణాలు తిరిగి పెరగవు. బయటి రొదను అధిగమించడానికి వాల్యూమ్ పెంచడం నష్టానికి ప్రధాన కారణాల్లో ఒకటి. చెవిని బాగా మూసే ఇయర్‌ఫోన్, వాల్యూమ్ పరిమితి, వారపు మోతాదు చూపే సదుపాయం రక్షణనిస్తాయి. రోడ్డుపై నడిచేవారు, వాహనం నడిపేవారు చెవులు మూసుకుని వినడం ప్రమాదకరం.

## ఎంపిక క్రమం

1. సంగీతం ఎక్కడి నుంచి. స్ట్రీమింగ్ ప్రధానమైతే ఫోను గానీ ఆండ్రాయిడ్ ప్లేయర్ గానీ కావాలి. సొంత ఫైళ్లయితే కార్డు రంధ్రం, మంచి ఫోల్డర్ అమరిక ముఖ్యం. రేడియో అయితే ఎఫ్ఎం రిసీవర్ ఉందో లేదో చూడాలి.
2. ఏ హెడ్‌ఫోన్. బ్లూటూత్ అయితే కోడెక్ పొంతన చాలు. వైరుదైతే ఇంపెడెన్స్, సున్నితత్వం ఆధారంగా కావలసిన ఓల్టేజి, కరెంటు లెక్కగట్టాలి.
3. ఎక్కడ వినడం. నడకకు తేలికైన, మీటలున్న సాధనం అనువు. ప్రయాణానికి రొద తగ్గించే హెడ్‌ఫోన్ కావాలి. నిశ్శబ్దమైన గదిలో వినేవారికి పరిమాణం అంత ముఖ్యం కాదు.
4. ఉన్న ఫోనుతో పరీక్ష. వాల్యూమ్ చివరిదాకా పెంచకముందే శబ్దం చాలినంతగా, బుస లేకుండా, పగలకుండా ఉంటే కొత్త సాధనం అవసరం లేదు. శబ్దం చాలకపోతే ముందు డాంగిల్‌ను, అదీ చాలకపోతే బ్యాటరీ ఉన్న యాంప్లిఫయర్‌ను పరిశీలించాలి.
5. పోలిక. రెండు సాధనాలను పోల్చేటప్పుడు శబ్ద స్థాయి ఒకేలా ఉండాలి. కొద్దిగా ఎక్కువ శబ్దం ఇచ్చేదే మెరుగైనదిగా తోచడం శ్రోతలందరికీ సహజం.
6. ఖర్చు పంపకం. ప్లేయర్‌పై మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్, మంచి రికార్డింగ్‌లు కొనడం వల్ల వచ్చే మెరుగుదల, ప్లేయర్‌ను మార్చడం వల్ల వచ్చేదాని కన్నా సాధారణంగా ఎక్కువ.

కాల్స్ అంతరాయం వద్దనుకునేవారికి, పెద్ద సొంత సేకరణ ఉన్నవారికి, ఫోను నడపలేని హెడ్‌ఫోన్ వాడేవారికి ప్రత్యేక ప్లేయర్ సమంజసం. చిన్న తెర, స్పర్శ మీటలతో ఇబ్బందిపడే వృద్ధులకు పాటలు ఎక్కించి ఇచ్చిన బటన్ ప్లేయరే ఎక్కువ ఉపయోగకరం.

## ప్రాముఖ్యం

పోర్టబుల్ ప్లేయర్ సంగీతాన్ని గది నుంచీ సమూహం నుంచీ విడదీసి వ్యక్తి వెంట నడిచేలా చేసింది. జపాన్ పరిశోధకుడు షుహెయ్ హొసొకావా 1984లో వాక్‌మన్ ప్రభావంపై రాసిన వ్యాసంతో ఇది విద్యారంగంలో అధ్యయన విషయమైంది. జనసమ్మర్దంలోనూ ఏకాంతం కల్పించిందని కొందరు, ఇరుగుపొరుగుతో సంబంధాన్ని తగ్గించిందని మరికొందరు భావించారు. అంతకు ముందు కచేరీ వేళకో రేడియో సమయానికో కట్టుబడిన సంగీతాన్ని శ్రోత తనకు వీలైన చోట, వీలైన వేళ, కావలసినన్ని సార్లు వినగలిగాడు. సంగీతం అభ్యసించేవారు ఒకే సంగతిని పదేపదే విని నేర్చుకునే వీలు కూడా దీనివల్ల విస్తరించింది.